ఎనిమిదో నంబరు పులి

పులి అడుగుజాడ నడిమధ్యన ఎనిమిది అనే అంకె అచ్చుపడి ఉండటం చూసేసరికి, పేడాడ వైకుంఠరావు నడక ఆపి వంగాడు.

ఇసుకలో మోకాళ్ళు ఆనించాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. అంకె ఎక్కడికీ పోలేదు. గెడ్డ ఒడ్డున చదును చేసిన ఇసుకలో నాలుగు వేళ్ళ గుర్తులు, వాటి కింద వెడల్పాటి అరికాలు, ఆ అరికాల్లో బొద్దుగా గుండ్రంగా ఎనిమిది.

"కాసులమ్మా, పులులకి నంబర్లుంటాయా?" అన్నాడు నీరసంగా.

వాచర్ గెమ్మెలి కాసులమ్మ ఇసుక చదునుచేసే పొడుగు కర్ర మీద గడ్డం ఆనించి చూసింది. జీలుగుగెడ్డ అభయారణ్యంలో ఆవిడది ఇరవయ్యేళ్ళ సర్వీసు.

"పులులకెందుకుంటాయి బావూ? బస్సులకుంటాయి గానీ."

ఆ మాట వైకుంఠరావుకి సూదిలా గుచ్చుకుంది. తొమ్మిది నెలల క్రితం దాకా ఆయన బస్సుల మనిషే. ఇరవైమూడేళ్ళు ఆర్టీసీ కాంప్లెక్సులో కంట్రోలరు ఉద్యోగం. మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పడమే పని. ఒకనాటి ఉదయం ఎదురుగా కరెంటు తీగ మీద పసుపుపచ్చని వంగపండు పిట్ట వాలింది. వైకుంఠరావు దాన్ని చూస్తూ ఉండిపోయాడు. పిట్ట ఎగిరిపోయేసరికి నాలుగు బస్సులు ఒకదాని ప్రయాణికుల్ని ఇంకొకటి ఎక్కించుకుని వెళ్ళిపోయాయి. పెళ్ళివారు పరీక్ష సెంటరుకీ, పరీక్ష రాసేవాళ్ళు పెళ్ళికీ చేరారు. అదే వారంలో ఆయన స్వచ్ఛంద పదవీ విరమణకి కాగితం పెట్టేశాడు. అడవిలో గైడు అవుతాననీ, అడవి గురించి రాస్తాననీ ఇంట్లో ప్రకటించాడు.

"బల్లి కనబడితే కుర్చీ ఎక్కే మనిషివి. అడవిలో ఏం ఎక్కుతావు?" అంది ఆయన భార్య సుభద్ర.

"చెట్టు," అన్నాడు వైకుంఠరావు, ఏమాత్రం తడుముకోకుండా.

శిక్షణ పూర్తయింది. ఆరు నెలల తాత్కాలిక బ్యాడ్జీ చొక్కాకి తగిలించుకున్నాడు. గడువు ఈ శుక్రవారంతో తీరుతుంది. ఆ రోజు రేంజ్ ఆఫీసరు సంతకం పెడితే శాశ్వత గైడు, లేకపోతే శాశ్వతంగా ఇంటికి. ఈలోగా ఒక వారపత్రికలో ఆయన శీర్షిక కూడా మొదలైంది. పాత అలవాటు పోక, "ఆరు గంటల పది నిమిషములకు నెమలి ఉత్తరపు గట్టు నుండి బయలుదేరును" అన్న ధోరణిలో రాసేవాడు. పాఠకులకి అదే నచ్చింది. వాచీ చూసుకుని చదువుతున్నామని ఉత్తరాలు రాశారు. ఆ శీర్షికలో పద్నాలుగు వారాలు ఒక్క పులి అడుగుజాడల మీదే నడిచాయి. అందులో "ఆ పాదముద్రలో అడవి తన సంతకం చేసింది" అన్న వాక్యం ఆయనకి ప్రాణం. పుస్తకం వేస్తానన్న సంపాదకుడు దాన్నే అట్ట మీద వేద్దామన్నాడు.

ఇప్పుడా సంతకంలో చెప్పుల సైజు కనిపిస్తోంది.

"ఎవరో చెప్పులు తొడుక్కుని నడిచారు," అన్నాడు వైకుంఠరావు.

"అవును బావూ," అంది కాసులమ్మ, వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా.

నిజానికి పులికి ఆ వారం అసలే టైము బాగాలేదు. కథ అర్థం కావాలంటే ముందు హాజరు సంగతి చెప్పాలి.

రెండేళ్ళ క్రితం ఒక పెద్దమనిషి కుటుంబంతో జీలుగుగెడ్డకి వచ్చి, మూడు గంటలు జీపులో తిరిగి, రెండు ఉడతల్నీ ఒక ఆవునీ చూసి, ఫిర్యాదు పుస్తకంలో ఇలా రాశాడు: "ఇక్కడ జంతువులు డ్యూటీలో లేవు." పుస్తకం ప్రధాన కార్యాలయానికి వెళ్ళింది. అక్కడ ఎవరూ నవ్వలేదు. ఇరవై రెండు పేజీల వన్యప్రాణి హాజరు నియమావళి తిరిగొచ్చింది.

దాని ప్రకారం అభయారణ్యంలో ప్రతి జంతువూ వారానికొకసారి, సోమవారం నాడు, ఏదో ఒక విధంగా హాజరు వేయించుకోవాలి. కెమెరాలో ఫొటో అయినా సరే, ఇసుకలో అడుగైనా సరే, చివరికి పెంట అయినా సరే. ఎలుగుబంటి రెండు వారాలు ఆలస్యంగా వచ్చిందని దాని పేరు కింద ఎర్రగీత పడింది. గబ్బిలాలకి రాత్రి షిఫ్టు మంజూరైంది. ఉడుము మూడు నెలలు కనిపించకపోతే దీర్ఘకాలిక సెలవులో ఉన్నట్టు భావించి, దాని స్థానంలో ఒక తొండకి అదనపు బాధ్యతలు అప్పగించారు. తొండ ఆ బాధ్యతల్ని ఎలా నిర్వర్తిస్తోందో నెలకొకసారి నివేదిక వెళ్తోంది.

ఇంత గందరగోళంలోనూ ఒక్క సోమవారం తప్పకుండా హాజరు వేయించుకున్నది పులి ఒక్కటే. ఉన్నదే ఒక్క పులి. సరిగ్గా కాసులమ్మ ఇసుక చదును చేసి వెళ్ళాక, ఆఫీసు తెరిచేలోపల, జాడ పడి ఉండేది. స్వాతంత్ర్య దినోత్సవం నాడు దానికి ఉత్తమ హాజరు ప్రశంసాపత్రం ఇచ్చారు. పులి తరఫున రేంజ్ ఆఫీసరు త్రివిక్రమరావు శాలువా కప్పించుకున్నాడు. ఆ ఫొటో ఆఫీసు గోడకి వేలాడుతోంది.

అయితే ఈమధ్య నియమావళికి సవరణ వచ్చింది. పులి స్థాయి జంతువు త్రైమాసికానికి ఒకసారైనా సందర్శకులకి స్వయంగా కనిపించాలి. అడుగులతో సరిపెట్టుకోవడం కుదరదు. పులి కనిపించలేదు. దాంతో తాఖీదు తయారైంది.

"సదరు పులి, పైన పేర్కొన్న త్రైమాసికంలో, ఎటువంటి ముందస్తు అనుమతీ లేకుండా, సందర్శకులకు కనిపించుటలో ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం వహించినందున, పదిహేను దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

దాన్ని పులి కంటికి ఆనే ఎత్తులో నాలుగు చెట్లకి అంటించారు. పులి సంజాయిషీ ఇవ్వలేదు. శుక్రవారం ఉదయం పది గంటలకి శాఖాపరమైన విచారణ వేశారు. పులి తరఫున వాదించడానికి ఎవరో ఒకరు ఉండాలని నిబంధన. ఆర్టీసీలో పనిచేసినవాడికి మెమోలు, ఛార్జిషీట్లు కొత్త కాదన్న ఒకే అర్హత మీద ఆ పని వైకుంఠరావు నెత్తిన పడింది. పద్నాలుగు వారాలు రాసిన అభిమానంతో ఆయన ఒప్పుకున్నాడు కూడా.

అటువంటి వారంలో, సోమవారం పొద్దున్న, ఎనిమిది.

*

రేంజ్ ఆఫీసరు త్రివిక్రమరావు భారీ మనిషి. మీసం కూడా భారీ. ఎదుటివాడు ఏం చెప్పినా, అది తనకి ముందే తెలుసన్నట్టు కళ్ళు మూసుకుని వింటాడు.

"ఎనిమిదా?" అన్నాడు కళ్ళు మూసుకునే. "రికార్డు ప్రకారం మన పులి నంబరు ఒకటి కదా?"

"ఒకటేనండి."

"పదోన్నతి ఏమైనా వచ్చిందేమో కనుక్కోండి కూర్మారావుగారూ."

పక్క బల్ల దగ్గర హెడ్ క్లర్కు కూర్మారావు లేచి నిలబడ్డాడు. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టుండే మనిషి. నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆ ఆఫీసులో ఏ కాగితం ఎక్కడుందో ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియదు. అందుకే ఆయన రిటైర్మెంటు మాట ఎత్తితేనే త్రివిక్రమరావుకి చెమటలు పట్టేవి.

"పదోన్నతి ఫైలేమీ రాలేదండి," అన్నాడు కూర్మారావు. మోకాలు పట్టుకుని మళ్ళీ మెల్లగా కూర్చున్నాడు.

"ఏమైందండీ కాలికి?" అని అడిగాడు వైకుంఠరావు.

"వయసండి."

"సార్," వైకుంఠరావు బల్ల మీదికి వంగాడు, "పదోన్నతి కాదు. చెప్పు. ఎవరో చెప్పు అడుగున పులి పంజా తగిలించుకుని నడిచారు. అది అసలు పులి జాడే కాదు!"

త్రివిక్రమరావు కళ్ళు తెరిచాడు. అలా తెరవడం ఆఫీసులో చాలామంది అదే మొదటిసారి చూడటం.

"అంటే, ఉత్తమ హాజరు ప్రశంసాపత్రం పొందిన ఉద్యోగి స్థానంలో వేరొకరు హాజరు వేస్తున్నారని మీ అభియోగమా?"

"అదే అనుకుంటానండి."

"ఇది అతి తీవ్రమైన విషయం. ఒకరి బదులు ఒకరు హాజరు వేయడానికి నియమావళి పదిహేడో పేజీలో శిక్ష ఉంది." త్రివిక్రమరావు లేచాడు. "ఎనిమిదో నంబరు కాలు ఎవరిదో తేలాలి. సిబ్బంది యావన్మందీ వరండాలో పాదరక్షలు విప్పి, ఎత్తు ప్రకారం నిలబడవలెను. కూర్మారావుగారూ, కొలవండి."

"ఎత్తు ప్రకారం ఎందుకండీ? కాళ్ళు కదా కొలిచేది?"

"క్రమశిక్షణ కోసం."

పదకొండు మంది వరండాలో బారుగా నిలబడ్డారు. కూర్మారావు చెప్పుల కొట్టు నుంచి అరువు తెచ్చిన కొలత పలక పట్టుకుని, పిన్నీసు పెట్టిన రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ, ఒక్కొక్కరి ముందూ ఒంగి కొలుస్తూ, పైకి చదువుతూ పుస్తకంలో రాసుకున్నాడు. డ్రైవరుది తొమ్మిది. వంటాయనది ఏడు. ఇద్దరు గార్డులవి పది. కాసులమ్మది అయిదు. తనవంతు రాగానే అందరూ చూస్తుండగా తన కాలూ పలక మీద పెట్టాడు. ఆరు.

"మరి తమరిదండి?" అన్నాడు త్రివిక్రమరావుతో, భయంభయంగా.

"అధికారి పాదం విచారణ పరిధిలోకి రాదు."

చివర మిగిలింది వైకుంఠరావు. బూటు విప్పాడు. మేజోడు విప్పాడు. పలక మీద కాలు పెట్టాడు. కూర్మారావు వంగి చూశాడు. అలాగే చాలాసేపు వంగే ఉండిపోయాడు.

"చదవండి," అన్నాడు త్రివిక్రమరావు.

"ఏడున్నర అని రాసుకోవచ్చాండి?"

"ఉన్నది చదవండి!"

"ఎనిమిదండి," అన్నాడు కూర్మారావు, ఏడవబోతున్నట్టు.

వరండా అంతా ఒక్కసారిగా వైకుంఠరావు కాలి వైపు తిరిగింది. ఆ కాలికి ఇంత గుర్తింపు ఎప్పుడూ రాలేదు.

"సార్, ఆ జాడ గురించి మీకు చెప్పిందే నేను!"

"నేరస్తుడు ఎప్పుడూ ముందుగా వచ్చి చెబుతాడు. పైగా ఉద్దేశం కూడా ఉంది. పులి ఉంటే శీర్షిక ఉంటుంది, శీర్షిక ఉంటే పుస్తకం ఉంటుంది."

"నేనొచ్చి ఆర్నెల్లే అయింది సార్. పులి హాజరు అంతకుముందు నుంచీ ఉంది కదా!"

"ఆ వివరణను శుక్రవారం నాడు లిఖితపూర్వకంగా సమర్పించుకోవచ్చును."

"శుక్రవారం నేను పులి తరఫున వాదించాలి కదండీ?"

త్రివిక్రమరావు మీసం సవరించుకున్నాడు.

"వాదించండి. ముద్దాయిగానూ ఉండండి. అదనపు బాధ్యతగా పరిగణిస్తాం."

*

మర్నాడు సాయంత్రం వైకుంఠరావు గెడ్డ ఒడ్డున రాయి మీద కూర్చుని భార్యకి ఫోన్ చేశాడు. సంగతంతా చెప్పాడు. అవతలి నుంచి ముక్కుతో ఆపుకుంటున్న చప్పుళ్ళు వినిపించాయి. నవ్వాపుకుంటోందని కాసేపటికి అర్థమైంది.

"మీ అన్నయ్య పెళ్ళిలో కొన్న బూట్లు బిగుతుగా ఉన్నాయని ఏడు మార్చి ఎనిమిది తెమ్మన్నావు, గుర్తుందా?" అంది సుభద్ర. "నే వద్దంటే విన్నావు కాదు."

"ఇప్పుడదా సుభద్రా!"

"సరే, పోతే పోనీ. బ్యాడ్జీ పీకేస్తే వచ్చెయ్. మళ్ళీ మైకు ముందు కూర్చోపెట్టమని నేనే డిపో మేనేజరుని అడుగుతా."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మైకు గుర్తొచ్చింది. డీజిలు వాసన గుర్తొచ్చింది. ఎదురుగా చెట్టు మీద బుడత పిట్ట ఒకటి తోక ఆడిస్తూ, వాచీతో ఏమీ పని లేకుండా, ఉన్నట్టుండి ఎగిరిపోయింది. ఆర్నెల్లలో ఆయన మొదటిసారి టైము రాసుకోలేదు. ఇక్కణ్ణుంచి వెళ్ళడం తనవల్ల కాదని ఆయనకి అప్పుడే తెలిసింది.

కాసులమ్మ కర్రతో ఇసుక లాగుతూ పక్కకొచ్చింది.

"ఏటి కంట్రోలరు బావూ, మొకం అలాగున్నాది?"

"నీకు తెలుసు కదూ, కాసులమ్మా? అది మనిషి జాడని?"

"తెలకేటి. నాలుగు కాళ్ళ జంతువు రెండు కాళ్ళ మీద నడిసెల్తే తెలదా? పదకొండేళ్ళై నడస్తన్నాది అలాగే. ముందుకొచ్చిన పులి ఎనక్కి తిరిగేటప్పుడు నడుం పట్టుకుని ఆగుతాది కూడాను. ఇసకలో తెలస్తాది."

వైకుంఠరావు రాయి మీంచి లేచాడు. "పదకొండేళ్ళా! మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవులడిగినారు? నా డూటీ ఇసక సాపు సెయ్యడం. జాడ సూసి ఇది పులి అని సెప్పడం గైడు డూటీ. తమరే కదా పద్నాలుగు వారాలు రాసినారు. మా మనవరాలు సదివి ఇనిపించినాది. బాగున్నాది. సంతకం అన్నారు సూడండి, అక్కడ నవ్వాగనేదు నాకు."

"ఎవరు ఆ మనిషి?"

కాసులమ్మ కర్ర ఆపింది. "సెప్పులు సూడనేదు బావూ నాను. జాడే సూసినాను. బరువు తక్కువ మనిసి. బయపడతా నడుస్తాడు. అంతే."

వైకుంఠరావు భయపడుతూ నడిచే బరువు తక్కువ మనుషుల జాబితా మనసులో రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆఫీసులో త్రివిక్రమరావు తప్ప అందరూ దానికి సరిపోయారు. తనతో సహా.

*

శుక్రవారం పది గంటలకి గెస్టుహౌసు హాల్లో విచారణ మొదలైంది. వెనక తలుపు తెరిస్తే వరండా, వరండా దిగితే అడవి. ఉక్కపోతగా ఉందని ఆ తలుపు బార్లా తీసిపెట్టారు.

విచారణాధికారిణి చిదంబరేశ్వరి ప్రధాన కార్యాలయం నుంచి వచ్చింది. నియమావళి రాసిన ముగ్గురిలో ఆవిడ ఒకరు. మిగతా ఇద్దరూ ఇప్పుడు ఆ సంగతి ఒప్పుకోవడం లేదు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూసింది. దాని ముందు బల్ల మీద పులి అని రాసిన అట్టముక్క ఉంది.

"ముద్దాయిని పిలిపించండి. నిబంధన ప్రకారం మూడుసార్లు బిగ్గరగా పిలవాలి. ఇక్కడ గొంతున్నవారెవరు?"

అందరూ వైకుంఠరావు వైపు చూశారు.

ఆయన వెనక తలుపు దగ్గరికి నడిచాడు. గొంతు సవరించుకున్నాడు. ఇరవైమూడేళ్ళ అలవాటు ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

"సందర్శకులకు గమనిక! జీలుగుగెడ్డ అభయారణ్యమునకు చెందిన పులి, ఎక్కడ ఉన్ననూ, తక్షణమే గెస్టుహౌసు హాలు నందు విచారణాధికారిని సంప్రదించవలెను! మరొక్కసారి..."

మూడుసార్లూ పిలిచాడు. కొండలు మూడుసార్లూ తిరిగి చెప్పాయి. దూరంగా కొండముచ్చులు గోలగోలగా అరిచి, ఉన్నట్టుండి నోళ్ళు మూసుకున్నాయి.

"ముద్దాయి గైర్హాజరు," అని రాయబోయింది చిదంబరేశ్వరి. "తరఫు సహాయకుడు ఏమైనా చెబుతారా?"

"చెబుతానండి. పులి కనిపించకపోవడం నిర్లక్ష్యం కాదు. అదే దాని ఉద్యోగం. నలుగురికీ కనిపించడమే పనైతే ఆవుకీ పులికీ తేడా ఏముందండీ?"

"ఆవు హాజరు సంతృప్తికరంగా ఉంది," అంది చిదంబరేశ్వరి. "దాన్ని చూసి నేర్చుకోవచ్చు."

సరిగ్గా అప్పుడు పక్క గుమ్మంలోకి కాసులమ్మ పరిగెత్తుకొచ్చింది. ఇరవయ్యేళ్ళలో ఆవిడ పరిగెత్తడం ఎవరూ చూడలేదు.

"జాడలు! ఈ గెస్టుహౌసు సుట్టూ జాడలు! తడారనేదు ఇంకా! ఈపాలి..."

"వాచర్ అడగనిదే మాట్లాడరాదు," అన్నాడు త్రివిక్రమరావు.

కాసులమ్మ నోరు మూసుకుంది. కానీ కుడిచెయ్యి ఎత్తి నాలుగు వేళ్ళు చూపించింది. గట్టిగా ఊపింది.

"నాలుగు టీలు చాలవు," అన్నాడు త్రివిక్రమరావు. "ఆరు తీసుకురా."

చిదంబరేశ్వరి మొహం వికసించింది. "చూశారా! పిలిచాం, వచ్చింది. నియమావళి పనిచేస్తోందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ముద్దాయి హాజరు అని రాయండి కూర్మారావుగారూ."

మూల బల్ల దగ్గర కూర్మారావు కలం పట్టుకున్నాడు గానీ రాయలేదు. ఆయన కాసులమ్మ వేళ్ళ వైపు చూస్తున్నాడు.

"క్షమించాలి మేడమ్," అని లేచాడు త్రివిక్రమరావు. "అవి పులి జాడలు కావు. ఈ మనిషివే! సోమవారం ఎనిమిదో నంబరు చెప్పుతో దొరికిపోయాడు. విచారణలో పులిని గెలిపించడానికి మళ్ళీ వేశాడు. నా దగ్గర కొలతల పుస్తకం ఉంది. ఎనిమిదో నంబరు కాలు ఈ ఆఫీసులో ఇతనికొక్కడికే ఉంది!"

"మీ కాలు ఎంతండి?" అని అడిగాడు వైకుంఠరావు.

"విషయాన్ని పక్కదారి పట్టించవద్దు!"

చిదంబరేశ్వరి పుస్తకం తిరగేసింది. అంకె చూసింది. వైకుంఠరావు బూట్లు చూసింది. ఇంకేమీ చూడలేదు.

"బ్యాడ్జీ బల్ల మీద పెట్టండి."

వైకుంఠరావు చొక్కా మీది బ్యాడ్జీ విప్పాడు. చెమటకి రంగు వెలిసిన రేకుముక్క. దాని మీద వంగపండు పిట్ట బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ ఎందుకు వేశారో ఆయన ఎప్పుడూ అడగలేదు, తనకోసమే అనుకున్నాడు. దాన్ని బల్ల మీద పెట్టేటప్పుడు వేళ్ళు వదలనన్నాయి.

"ఒకరి హాజరు మరొకరు వేసిన నేరం కింద," అని చదవడం మొదలుపెట్టింది చిదంబరేశ్వరి, "సదరు పేడాడ వైకుంఠరావు గైడు అనుమతిని శాశ్వతంగా రద్దు చేయడమైనది. ఇతడు ఇకమీదట అడవిని గురించి ఎటువంటి రచనలూ..."

"ఆపండమ్మా!"

అరిచింది కూర్మారావు. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి కావడంతో, అరిచింది ఎవరా అని ఆయనే ముందు పక్కకి తిరిగి చూశాడు. తరవాత కుంటుకుంటూ బల్ల దగ్గరికి వచ్చి, చేతిసంచీ లోంచి ఒక పాత తోలు చెప్పు తీసి, బ్యాడ్జీ పక్కన పెట్టాడు. కుడికాలిది. అడుగున లారీ టైరు ముక్కలతో చేసిన నాలుగు వేళ్ళు. మధ్యలో ఉండాల్సిన పెద్ద ముక్క ఊడిపోయి, ఆ ఖాళీలో ఎనిమిది నిగనిగలాడుతోంది.

అందరూ దాని మీదికి వంగారు. కూర్మారావు చేతులు కట్టుకున్నాడు.

"నేనేనమ్మా పులిని. పదకొండేళ్ళ నుంచీ నేనే. అప్పట్లో మీ ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. అభయారణ్యంలో పులుల సంఖ్య ఎంత అని. సున్నా అని రాసి పంపాను. తిప్పి పంపారు. ఆ గడిలో సున్నా చెల్లదు, ఖాళీగా వదలరాదు అన్నారు. మళ్ళీ సున్నా రాశాను, మళ్ళీ తిప్పి పంపారు. మూడోసారి అప్పటి ఆఫీసరుగారు నా మీదికి ఫైలు విసిరారు. ఒకటి అని రాశానమ్మా. వెంటనే ఆమోదం వచ్చింది. మరుసటి నెల దాని వయసెంత అన్నారు. ఆపైన బరువెంత అన్నారు. ఆ తరవాత ప్రతి సోమవారం జాడ చూపించమన్నారు. ఏం చెయ్యను? నా కాలు ఆరు. పులికి ఆరు చిన్నదైపోతుందని ఎనిమిదో నంబరు కొని, లోపల గుడ్డలు కుక్కుకుని నడిచాను. ఎండయినా వానయినా సోమవారం మానలేదు. మా అమ్మాయి పెళ్ళి సోమవారం పడితే, తలంబ్రాలు అయిన వెంటనే వచ్చి నడిచి వెళ్ళాను. ఉత్తమ హాజరు అన్నారు చూడండి, అది నాది. శాలువా మాత్రం సారు కప్పుకున్నారు, ఫరవాలేదు. ఈ గైడుగారు నా అడుగుల గురించి పద్నాలుగు వారాలు రాశారు. నా గురించి అంత బాగా ఎవరూ రాయలేదమ్మా, కటింగులన్నీ దాచుకున్నాను. అటువంటాయన బ్యాడ్జీ నా మూలంగా పోకూడదు. అందుకే చెబుతున్నాను. నాకు ఏ శిక్షయినా వెయ్యండి. కానీ రాసుకునే ముందు ఒక్క సంగతి. మొన్న సోమవారం గెడ్డలో కాలు జారి మోకాలు పట్టేసింది. ఎడమకాలి చెప్పు నీళ్ళలో కొట్టుకుపోయింది. మిగిలింది ఇదొక్కటే, పొద్దుటి నుంచీ నా సంచీలోనే ఉంది. కాసులమ్మ టీలు అడగటం లేదమ్మా, నాలుగు కాళ్ళు అంటోంది. నేను ఏనాడూ రెండు కాళ్ళకి మించి నడవలేదు. గైడుగారు మూడుసార్లు పిలిచారు కదా, ఎవరో విన్నట్టున్నారు. ఆ బ్యాడ్జీ ఆయనకి ఇచ్చేయండి, ఇప్పుడు మనకి గైడు కావాలి. మిగతాదంతా వివరంగా రాసి సంతకం పెడతాను గానీ, సార్, మీ వెనకాల తలుపు తీసి ఉంది, కాస్త మెల్లగా, అటు తిరక్కుండా, దాన్ని వేసెయ్యండి."